అతుకని ఎముకలు - ఆఘాత తరంగాలు

విరిగిన ఎముక అతుక్కొనే తీరు శరీరంలో జరిగే మరమ్మతులన్నింటిలోను ప్రత్యేకమైనది. చర్మం తెగితే గాయం మానుతుంది గాని మచ్చ మిగులుతుంది. గుండె కండరంలో కొంత భాగం చెడితే అక్కడ నారవంటి కణజాలం పేరుకొంటుంది గాని కండరం మరల పెరగదు. ఎముక అట్లు మచ్చతో సరిపెట్టుకొనదు. విరిగిన చోట మరల అసలైన ఎముకనే కట్టుకొంటుంది. కొన్ని సంవత్సరాలు గడచిన పిమ్మట ఎక్స్-రే తీసి చూస్తే, ఏ చోట విరిగినదో చెప్పుట అనుభవజ్ఞులకు కూడా ఒక్కొక్కప్పుడు కష్టమవుతుంది.

ఈ పని ఒక వరుసలో జరుగుతుంది. ఎముకతో పాటు దానిలోని రక్తనాళాలు కూడా తెగుతాయి కాబట్టి మొదట విరుపు చుట్టూ రక్తం చేరి గడ్డకడుతుంది. ఆ గడ్డలోనికి కొత్త రక్తనాళాలు, కణాలు ప్రవేశిస్తాయి. రెండు మూడు వారాలలో అక్కడ మృదులాస్థి, అనగా మన చెవి డొప్పలో ఉండే మెత్తని ఎముక వంటి పదార్థం ఏర్పడుతుంది. దీనిలో సున్నపు లవణాలు చేరి గట్టిపడగా ఏర్పడే ముద్దను వైద్యులు కేలస్ అంటారు. ఆ ముద్ద రెండు ముక్కలను వంతెనవలె కలుపుతుంది. పిమ్మట నెలల తరబడి, సంవత్సరాల తరబడి శరీరం ఆ ముద్దను చెక్కి చెక్కి పూర్వపు ఆకారానికి తెస్తుంది.

పుత్తూరు కట్టు కట్టేవారికైనా, పట్టణపు ఆస్పత్రిలో శస్త్రవైద్యునికైనా ఇందులో చేయవలసిన పని ఒక్కటే. ముక్కలను సరియైన వరుసలో పెట్టి, కదలకుండా నిలిపి, వేచి ఉండుట. అతికించేది వైద్యుడు కాదు, శరీరమే.

చిక్కు ఏమనగా, కొందరిలో శరీరం ఈ పనిని సగంలో ఆపివేస్తుంది. మూడు నెలలలో అతుకవలసిన ఎముక ఆరు నెలలకు అతుకదు. తొమ్మిది నెలలు గడచి, చివరి మూడు నెలలలో ఎక్స్-రేలో ఏ మార్పూ కనిపించనప్పుడు దానిని 'అతుకని విరుపు'గా లెక్కించుట పరిపాటి. మోకాలి దిగువ ముందువైపు ఉండే టిబియా అనే పెద్ద ఎముకకు ఈ దుస్థితి తరచుగా కలుగుతుంది. ఆ ఎముకకు ముందువైపున కండ లేదు, చర్మమే ఉన్నది. అందుచేత రక్తప్రసారం తక్కువ. పొగ త్రాగేవారిలోను, మధుమేహం ఉన్నవారిలోను, గాయంలో చీము పట్టినవారిలోను అతుకు మరింత ఆలస్యమవుతుంది. ఎక్కువ కాలం ఉపేక్షిస్తే రెండు ముక్కల కొనలు నున్నబడి, నడుమ నార కణజాలం పెరిగి, కీలు లేని చోట కీలువలె కదలసాగుతుంది. దీనికి మిథ్యాకీలు అని పేరు. కూలి చేసుకొని బ్రతికే మనిషికి ఇది వస్తే ఆ ఇంటి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

దీనికి చిరకాలంగా ఉన్న చికిత్స శస్త్రక్రియ. విరుపును మరల తెరిచి, నడుమనున్న నారను తీసివేసి, రోగి తుంటి ఎముకనుండి కొంత ఎముకను తొలిచి తెచ్చి అక్కడ నింపి, లోహపు పలకతోనో కడ్డీతోనో బిగిస్తారు. చాలామందికి గుణమిస్తుంది. కాని ఒక్క గాయానికి బదులు రెండు గాయాలు అవుతాయి. తొలిచిన చోట నొప్పి చాలాకాలం వేధించవచ్చు. చీము పట్టే భయం ఎట్లాగూ ఉన్నది. కత్తి పెట్టకుండా, ఆగిపోయిన పనిని శరీరంచేతనే మరల మొదలుపెట్టించుటకు వీలున్నదా అని వైద్యులు చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. దానికి ఒక సమాధానం ఎవరూ ఎదురుచూడని దిక్కునుండి, అనగా విమానాల కర్మాగారంనుండి వచ్చినది.

ముందు ఆఘాత తరంగం అంటే ఏమో తెలియవలెను. మనం మాట్లాడినప్పుడు గాలిలో పీడనం కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ అలలుగా సాగుతుంది. అది ధ్వని. తుపాకిగుండు ధ్వనికంటె వేగంగా పోయినప్పుడు దాని ముందున్న గాలికి తప్పుకొనుటకు వ్యవధి ఉండదు. పీడనం మెల్లగా పెరుగుటకు బదులు గోడవలె నిటారుగా లేచి నిలుస్తుంది. ఈ గోడయే ఆఘాత తరంగం. ప్రేగ్ నగరంలో ఆచార్యుడుగా ఉన్న ఎర్నెస్ట్ మాక్, ఆయన సహకారి పీటర్ సాల్కర్ 1886లో తుపాకిగుండు ముందు నిలిచే ఈ తరంగాన్ని ఛాయాచిత్రంగా పట్టి, మరుసటి సంవత్సరం ప్రకటించారు. విమాన వేగాలను 'మాక్ ఒకటి', 'మాక్ రెండు' అని నేడు చెప్పుట ఆ మాక్ పేరుమీదనే.

చికిత్సలో వాడే ఆఘాత తరంగంలో పీడనం సెకనులో పది కోట్లవ వంతు కాలంలోనే శిఖరానికి లేస్తుంది. యంత్రాన్నిబట్టి ఆ శిఖరం వాతావరణ పీడనానికి వంద రెట్లనుండి వెయ్యి రెట్ల వరకు ఉండవచ్చు. 500 రెట్లు అనుకొంటే, అది సముద్రంలో 5,000 మీటర్ల లోతున ఉండే పీడనం. అంత పీడనం మనిషిని నలిపివేయదా అని విద్యార్థులు అడుగవచ్చు. అది నిలిచే కాలం సెకనులో పది లక్షలవ వంతు మాత్రమే. ఆ వెంటనే పీడనం సున్నకంటె క్రిందికి కూడా దిగి, కొన్ని మైక్రోసెకనులలో అంతా సర్దుకొంటుంది. అల్ట్రాసౌండ్ పరీక్షలో వాడే తరంగం లక్షల కొద్దీ సార్లు ఇటు అటు ఊగే అల. ఆఘాత తరంగం అట్లు ఊగేది కాదు, ఒకే ఒక దెబ్బ.

ఇక విమానాల సంగతి. జర్మనీలో కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ అనే ఊరిలో డోర్నియర్ విమాన సంస్థ ఉండేది. ధ్వనికంటె వేగంగా పోయే విమానాలు వానలో చిక్కినప్పుడు వాన చినుకులే గుండ్లవలె తగిలి లోహాన్ని గుంటలు పడజేస్తాయి. దెబ్బ తగిలిన చోటనే గాక దూరంగా కూడా లోహం చెడుట చూచి, ఆఘాత తరంగాలు లోహంలో ప్రయాణించి ఈ పని చేస్తున్నవని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు గ్రహించారు. 1966లో ఇట్టి ప్రయోగం జరుగుతూ ఉండగా, గుండు తగిలిన క్షణంలోనే ఒక ఉద్యోగి ఆ పలకను తాకినాడనీ, కరెంటు కొట్టినట్లు అతనికి అనిపించినదనీ, కొలిచి చూడగా విద్యుత్తు ఏమీ లేదనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆఘాత తరంగం చేతిద్వారా శరీరంలోనికి పోయినదన్నమాట. ఈ కథ ఎంత ముచ్చటగా ఉన్నా దానికంటె ముఖ్యమైనది పిమ్మట జరిగిన పని. 1968 మొదలుకొని జర్మన్ రక్షణశాఖ ధనసహాయంతో, ఈ తరంగాలు జంతువుల శరీరంలో ఏమి చేస్తాయో పరిశీలించారు. కండరాలు, కొవ్వు, చర్మం వీటిని దాదాపు అడ్డు లేకుండా పోనిచ్చాయి. ఊపిరితిత్తులు మాత్రం గాయపడ్డాయి.

దీనికి కారణం పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రంలోనే ఉన్నది. తరంగం ఒక పదార్థంనుండి మరొక పదార్థంలోనికి పోయేటప్పుడు, ఆ రెండింటి సాంద్రత, వాటిలో ధ్వనివేగం - ఈ రెండింటి లబ్ధాలు దగ్గరగా ఉంటే అది నేరుగా సాగిపోతుంది. అవి చాలా వేరుగా ఉంటే వెనుకకు తిరుగుతుంది. మన శరీరంలో అధికభాగం నీరే కాబట్టి నీటినుండి కండలోనికి తరంగం సులభంగా పోతుంది. కండనుండి గాలిలోనికి పోవలసి వచ్చినప్పుడు దాదాపు అంతా వెనుకకు తిరిగి, ఆ సరిహద్దుననే తన బలమంతా చూపుతుంది. ఊపిరితిత్తుల నిండా అటువంటి సరిహద్దులే. కండ, ఎముక కలిసే చోట సుమారు మూడవ వంతు శక్తి వెనుకకు తిరుగుతుంది, మిగిలినది ఎముకలోనికి చొచ్చుకొని పోతుంది. ఈ చివరి మాట పాఠకులు గుర్తుంచుకొనవలెను.

కండకు హాని లేకుండా లోపలికి పోయే దెబ్బ చేతికి దొరికినది. దానితో ఏమి పగులగొట్టవచ్చును? మూత్రపిండంలోని రాయిని. 1971లో హాయిస్లర్, కీఫర్ అనేవారు శరీరం వెలుపల ఉంచిన రాయిని తాకకుండానే ఈ తరంగాలతో ముక్కలు చేశారు. అయితే తరంగం శరీరమంతటా చెదరిపోకుండా రాయిమీదనే గురి పెట్టుట ఎట్లు? ఇక్కడ జ్యామితి ఆదుకొన్నది. పలకపై రెండు మేకులు కొట్టి, దారపు ఉచ్చు తగిలించి, సుద్దముక్కతో దీర్ఘవృత్తం గీయుట ఉపాధ్యాయులందరూ చూపేదే. ఒక మేకునుండి వృత్తానికి, అక్కడినుండి రెండవ మేకుకు ఎటు పోయినా మొత్తం దూరం ఒక్కటే. కావున ఒక నాభివద్ద పుట్టిన తరంగం గోడకు ఎక్కడ తగిలినా తిరిగి రెండవ నాభికి చేరుతుంది, అంతా ఏకకాలంలో చేరుతుంది. దీర్ఘవృత్తాన్ని గిర్రున త్రిప్పినట్లుండే లోహపు గిన్నెను నీటిలో ఉంచి, మొదటి నాభివద్ద సుమారు 20 వేల వోల్టుల విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టిస్తారు. ఆ రవ్వ వేడికి చుట్టూ ఉన్న నీరు ఒక్కుమ్మడిగా ఆవిరియై విస్తరించుటచే ఆఘాత తరంగం పుడుతుంది. గిన్నెలో సగభాగమే ఉంటుంది. రెండవ నాభి గిన్నెకు వెలుపల, రోగి శరీరంలో, సరిగా రాయి ఉన్న చోట పడేటట్లు రోగిని అమర్చుతారు.

1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్ నగరంలో క్రిస్టియన్ షౌసీ, ఆయన సహచరులు మొదటి రోగికి ఈ చికిత్స చేశారు. రోగిని నీటితొట్టిలో కూర్చుండబెట్టవలసి వచ్చినది. గుండె లయ చెడకుండా ప్రతి రవ్వనూ గుండె కొట్టుకొనే వరుసతో జతపరిచారు. 1984 చివరకు అమెరికా ప్రభుత్వపు అనుమతి కూడా లభించి, కొద్దికాలంలోనే ఈ యంత్రాలు దేశదేశాలకు వ్యాపించాయి. మూత్రపిండంలో రాళ్లకు కోత తప్పినది.

అందరికీ తెలిసిన కథ ఇంతవరకే. ఎముకల కథ ఇక్కడ ఒక భయంతో మొదలవుతుంది. రాయి మూత్రపిండంనుండి జారి మూత్రనాళపు దిగువ భాగంలో చిక్కుకొన్నప్పుడు, దానికి తరంగాలు గురిపెడితే దారిలో కటి ఎముక అడ్డు వస్తుంది. రాతిని పొడిచేసే దెబ్బ ఎముకను ఏమి చేయునో! ఈ అనుమానం తీర్చుకొనుటకు జర్మనీలోని మూత్రవ్యాధుల వైద్యులు జంతువుల ఎముకలపై ప్రయోగాలు చేశారు. గ్రాఫ్, ఆయన సహచరులు 1988లో ప్రకటించిన ఫలితాలు అందులో ముఖ్యమైనవి. తరంగాలు తగిలిన ఎముకలో మొదట మూలుగలో రక్తం చిమ్ముట, కొన్ని కణాలు చెడుట కనిపించాయి. కాని ఇటువంటి ప్రయోగాలలో కొన్ని వారాలు ఆగి చూచినప్పుడు ఎముక నీరసించలేదు సరిగదా, ఆ చోట కొత్త ఎముక పెరుగుట కనిపించినది. హాని కొరకు వెదికినవారికి మందు దొరికినది. గెరాల్డ్ హౌప్ట్ అనే మరొక మూత్రవ్యాధుల వైద్యుడు ఎలుకల ఎముకలను విరిచి, తరంగాలు తగిలించినవి తగిలించనివాటికంటె చక్కగా అతుకుటను గమనించి 1992లో ప్రకటించాడు. ఎముకల వైద్యానికి ఈ దారి చూపినవారు ఎముకల వైద్యులు కాకపోవుట గమనింపదగినది.

మనుష్యులలో ఫలితాలను మొదట పెద్ద సంఖ్యలో తెలిపినవారు బల్గేరియా దేశస్థులు. వాల్చనోవ్, మిహైలోవ్ అనే వైద్యులు 1991లో, ఎముక అతుకుట ఆలస్యమైనవారు, అతుకనివారు మొత్తం 82 మందికి ఆఘాత తరంగాలు ఇచ్చి, 70 మందికి అతుకు పడినదని వ్రాశారు. అనగా నూటికి 85. కోత లేదు, తుంటి ఎముక తొలుచుట లేదు. వైద్యలోకంలో ఇది సంచలనం కలిగించినది.

అయితే వెంటనే ఎదురుమాట కూడా వినవచ్చినది. స్పెయిన్‌లో ఫోరియోల్, ఆయన సహచరులు 1994లో గొర్రెపిల్లలపై చేసిన ప్రయోగంలో తరంగాలవలన అతుకు త్వరపడుటకు బదులు ఆలస్యమైనది. ఒకరు అవునన్నది మరొకరు కాదన్నప్పుడు ఇద్దరిలో ఒకరు అబద్ధమాడినారని అనుకొనరాదు. జంతువు వేరు, దాని వయస్సు వేరు. అన్నిటికంటె ముఖ్యంగా దెబ్బ బలం వేరు, దెబ్బల సంఖ్య వేరు. మందులో మోతాదు ఎట్లో తరంగంలో శక్తి అట్లు. ఆనాటి యంత్రాలలో ఒక దాని మోతాదును మరొకదానితో పోల్చుటకు అందరూ అంగీకరించిన కొలత కూడా సరిగా లేదు. నేడు చదరపు మిల్లీమీటరుకు ఎన్ని మిల్లీజౌళ్ల శక్తి చేరుచున్నదో చెప్పుట వాడుక అయినది.

2001లో మూడు చోట్లనుండి లెక్కలు వచ్చాయి. జర్మనీలో రోంపె బృందం 43 మందిలో 31 మందికి అతుకు పడినదన్నది. వియన్నాలో షాడెన్ బృందం 115 మందిలో 87 మందికి అన్నది. తైవాన్‌లో చింగ్-జెన్ వాంగ్ బృందం 72 మందికి చికిత్స చేసి, మూడవ నెలకు నూటికి 40, ఆరవ నెలకు సుమారు 61, సంవత్సరానికి 80 మందికి గుణం కనిపించినదని తెలిపినది. దేశాలు వేరైనా ఫలితాలు నూటికి డెబ్బదినుండి ఎనుబది వరకు ఉన్నవి. ఇక సందేహమెందుకు అని అనిపించుట సహజం.

సందేహం ఉండవలసినదే. వాంగ్ లెక్కలనే మరల చూడండి. నెలలు గడిచేకొద్దీ గుణపడినవారి సంఖ్య పెరిగినది. పెంచినది తరంగమా, కాలమా? తరంగాలు ఇచ్చిన పిమ్మట చాలామంది రోగులకు మరల పిండికట్టు వేసి, కాలు మోపవద్దని కట్టడి చేస్తారు. గుణమిచ్చినది దెబ్బయా, విశ్రాంతియా? మొక్కకు ఎరువు వేసి అది ఎదిగినదని చూపితే చాలదు, ఎరువు వేయని మొక్కను ప్రక్కన పెంచి చూపవలెనని మనం పిల్లలకు చెబుతాము. పైన చెప్పిన లెక్కలలో ఆ ఎరువు వేయని మొక్క లేదు. అందుచేత 85 అనే సంఖ్య గాని 76 అనే సంఖ్య గాని అబద్ధం కాకపోయినా, తరంగాలవల్ల ఎంత మేలు జరిగినదో అది చెప్పదు.

ఈ లోటును కొంతవరకు తీర్చినది 2009లో ఇటలీకి చెందిన కాక్కియో బృందం ప్రకటించిన పరిశోధన. ఎముక కొనలవద్ద కేలస్ బలిసి కూడా అతుకని 126 మందిని చీట్లు వేసినట్లు మూడు గుంపులుగా విడదీశారు. రెండు గుంపులకు వేరు వేరు మోతాదులలో తరంగాలు ఇచ్చారు, మూడవ గుంపుకు శస్త్రక్రియ చేశారు. ఆరు నెలలకు తరంగాల గుంపులలో నూటికి 70, 71 మందికి, శస్త్రక్రియ గుంపులో 73 మందికి అతుకు పడినది. అనగా దాదాపు సమానం. మొదటి ఆరు నెలలలో నొప్పి, పనితనం విషయంలో తరంగాలు పొందినవారే మెరుగుగా ఉన్నారు. పిమ్మట సంవత్సరం, రెండు సంవత్సరాల నాటికి ఆ తేడా చాలావరకు పోయినది. నా మట్టుకు ఈ పరిశోధన మునుపటి లెక్కలన్నింటికంటె విలువైనదిగా తోస్తుంది. కోత తప్పించుకొన్నందువల్ల రోగి నష్టపోలేదని ఇది చూపినది. అయితే ఇందులో కూడా ఉత్తుత్తి తరంగాలు ఇచ్చిన గుంపు లేదు. నెలల తరబడి కుంటుతున్న మనిషికి యంత్రం చప్పుడు మాత్రం వినిపించి, చికిత్స చేసినట్లు నటించుట న్యాయమా అనే ప్రశ్న అడ్డుపడుతుంది. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు.

ఇంతకు రాతిని పగులగొట్టే దెబ్బ ఎముకను ఎట్లు అతికిస్తుంది? మొదటివారి ఊహ సూటిగా ఉన్నది. తరంగం ఎముకలో కంటికి కనిపించని బీటలు పుట్టిస్తుంది. శరీరం దానిని కొత్త విరుపుగా భావించి మరల మరమ్మతుకు పూనుకొంటుంది. శస్త్రవైద్యుడు ఎముక కొనలను గీకి రక్తం వచ్చేటట్లు చేయుటతో దీనిని పోల్చారు. బలమైన దెబ్బలకు ఇది కొంత నిజం కావచ్చును గాని, బీటలు పుట్టించని మోతాదులో కూడా ఎముక పెరుగుతున్నప్పుడు ఈ వివరణ ఒక్కటే చాలదు.

నేటి వివరణకు పునాదులు పాతవే. ఎముక తనమీద పడే బరువునుబట్టి తన నిర్మాణాన్ని మార్చుకొంటుందని 1892లోనే జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ వ్రాశాడు. ఎముకను నొక్కితే దానిలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుందని 1957లో జపానుకు చెందిన ఫుకడ, యసుద చూపించారు. అనగా ఎముకలోని కణాలు ఒత్తిడిని గుర్తించగలవు, దానికి స్పందించగలవు. తరంగం కండ, ఎముక కలిసే చోట తన శక్తిలో కొంత విడిచిపెడుతుందని పైన చెప్పుకొన్నాము. అక్కడి కణాల పొరలు ఒక్కసారి లాగబడి, వదలబడతాయి. ఆ కుదుపుకు కణాలు నైట్రిక్ ఆక్సైడును, రక్తనాళాలను మొలిపించే ప్రోటీనులను తయారుచేస్తాయి. వాంగ్ బృందం 2003లో కుందేళ్లలో, స్నాయువు ఎముకకు అతుకుకొనే చోట తరంగాలు తగిలించి, మొదట ఇటువంటి పదార్థాలు పెరుగుట, తరువాత కొత్త రక్తనాళాలు పుట్టుట వరుసగా చూపించినది. టిబియాకు కొరతగా ఉన్నది రక్తప్రసారమే గదా! ఆగిన పని మరల సాగుటకు కావలసిన దారి అట్లు ఏర్పడుతున్నదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వివరాలన్నీ తేలినవని మాత్రం అనరాదు.

ఈ చికిత్స అందరికీ తగినది కాదు. కేలస్ బలిసిన విరుపులలో ఫలితం బాగుంటుంది. కొనలు ఎండినట్లు సన్నబడి, అసలు కేలస్సే లేనిచోట తక్కువ. ముక్కల నడుమ దూరం ఎక్కువగా ఉన్నా, అవి వదులుగా కదులుతున్నా శస్త్రక్రియయే మార్గం. తరంగం పోయే దారిలో ఊపిరితిత్తి ఉండరాదు. ఎదిగే పిల్లల ఎముక కొనలలోని పెరుగుదల పొరలకు, కంతులకు, గర్భిణీ స్త్రీలకు దీనిని దూరంగా ఉంచుతారు. అమెరికాలో 2000 సంవత్సరంలో ఒక ఆఘాత తరంగ యంత్రానికి లభించిన అనుమతి కూడా మడమ నొప్పికే గాని అతుకని ఎముకలకు కాదు.

చికిత్స జరిగే తీరు ఇట్లుంటుంది. నేడు నీటితొట్టితో పని లేదు. యంత్రపు మూతికి నీరు నింపిన మెత్తని తిత్తి ఉంటుంది. దానికి, చర్మానికి నడుమ గాలి చేరకుండా జిగురువంటి జెల్ పూస్తారు. బలమైన మోతాదు నొప్పి కలిగిస్తుంది కాబట్టి మత్తు ఇస్తారు. ఎక్స్-రేలో విరుపును చూచుకొంటూ వేల కొలది దెబ్బలు దాని రెండు కొనలమీద గురిచూచి వదలుతారు. గంటలోపల పని ముగుస్తుంది. చర్మం కొద్దిగా కమలవచ్చు, వాపు రావచ్చు. తరువాత కొత్తగా విరిగిన ఎముకకువలెనే కట్టు కట్టి పంపుతారు. మూడవ నెలలో ఎక్స్-రే తీసి, నడుమ చారలో తెల్లని మబ్బు వంటిది కనిపించునేమో చూస్తారు. కనిపించకపోతే మరొకసారి తరంగాలు ఇచ్చుటయా, ఇక కత్తి పట్టుటయా అన్నది అప్పుడు నిర్ణయిస్తారు.